తవుడుకు కొన్న బిడ్డ

మా అమ్మ మా అన్నను అమ్మేసింది. వెల, చేటెడు తవుడు.

ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నోరు వెళ్ళబెట్టి చూస్తారు. అంతగా చూడవలసిందేమీ లేదు. మా కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగిళ్ళలో ఒకరి వెనుక ఒకరు బిడ్డలు పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి బయటివాళ్ళకు అమ్మేవాళ్ళు. ఈ ఇంట్లో బిడ్డ లేడు, నువ్విక్కడికి వచ్చి చేసే పని లేదు అని చావుకు చెప్పడమన్నమాట. కొన్న తల్లి బిడ్డను తనింటికి తీసుకుపోయి, ఒక పూట పాలిచ్చి పడుకోబెట్టుకుని, సాయంత్రం తెచ్చి "నా బిడ్డను పెంచిపెట్టండి" అని ఇచ్చేది. పెంచడానికే సుమా. బిడ్డ ఆమెదే. గుర్తుగా కుడి ముక్కు కుట్టేవాళ్ళు. వాడికి పెళ్ళీడు వచ్చాక కన్నవాళ్ళు అంత తవుడూ తిరిగి ఆమె కొంగులో పోయాలి. ఆమె వాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని "ఎవరి బిడ్డవు" అని మూడుసార్లు అడగాలి. మొదటి రెండుసార్లు "నీ బిడ్డను" అనాలి, మూడోసారి కన్నవాళ్ళను చూపించి "వీళ్ళ బిడ్డను" అనాలి. అప్పటికిగానీ వాడు కన్నవాళ్ళకు దక్కినట్టు కాదు.

కొనే ఇల్లు మన చుట్టాలది కాకూడదు, మన కులంది కాకూడదు, వీలైతే మన దేవుడిది కూడా కాకూడదు. ఎంత దూరమైతే చావుకు అంత ఆచూకీ దొరకదని మా అవ్వ లెక్క. అమ్మ అప్పట్లో నూలు మిల్లులో, రీలింగులో, అంటే నూలు చిలపలు చుట్టే చోట ఉండేది. పక్క రాట్నం మీద ఒక సాయిబుల ఆవిడ. ఆమెకూ అప్పుడే ఆడపిల్ల పుట్టింది, పాలున్నాయి. అడగగానే మరో మాట లేకుండా తవుడు చేటలో పోసుకుని వచ్చిందట. అన్నకు ముందు పుట్టిన ఇద్దరినీ మిల్లు సంగు, అంటే షిఫ్టు కూత, మోగుతుండగానే పూడ్చిపెట్టి, మళ్ళీ షిఫ్టుకు పోయిన మనిషి మా అమ్మ. మూడోవాడి విషయంలో ఎవరు ఏమంటారోనన్న ఆలోచన ఆమెకెందుకుంటుంది.

ఆ కొన్న తల్లిని మేమంతా తవుడమ్మ అనేవాళ్ళం. నాయన కూడా అలాగే పిలిచేవాడు. వాళ్ళ వీధి మా తెలుగు వీధికి వెనకే ఉండేది, పదీ పన్నెండిళ్ళు, ఒక చిన్న పళ్ళివాసలు, అంటే వాళ్ళ మసీదు. ఆమె భర్త పరుపులు కుట్టేవాడు. మా అమ్మ దగ్గరే నేర్చుకుని ఆమె మా తెలుగు మాలాగే మాట్లాడేది. అంటే సగం అరవంతో, 'ఇస్తేనే' అనడానికి 'ఇస్తే తాన్' అంటూ. మేం బళ్ళో చదివిందీ అరవమే. నేను తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక, పంతం కొద్దీ నేర్చుకున్నాను. లేకపోతే ఈ నాలుగు ముక్కలూ రాసేదాన్ని కాను.

చిన్నప్పుడు అన్నకు ఇద్దరు తల్లులుండటం పెద్ద భోగం. అమ్మ కట్టె తీస్తే వెనక వీధిలోకి పరుగు. అక్కడ తవుడమ్మ గుమ్మంలో నిలబడి, "నా బిడ్డను కొట్టేదానికి నువ్వెవురు?" అని అమ్మను దబాయించేది. అమ్మ కట్టె కింద పడేసి నవ్వేది. దీపావళికి అన్న కొత్త చొక్కా ముందు తవుడమ్మ చేతికి పోవాలి, ఆమె తొడిగితేనే తొడుక్కోవాలి. నోంబు నెలలో, అంటే రంజాన్ ఉపవాసాలప్పుడు, సాయంత్రమైతే చాలు, వాళ్ళ పళ్ళివాసలు గంజి చెంబుతో వచ్చేది. అందులో సగం అన్నదే, మిగతా సగానికి మేమంతా పోట్లాడుకోవాలి. "కొన్న బిడ్డ ముందు తినాల, కన్నోళ్ళు తర్వాత తినాల" అని ఆమె న్యాయం చెప్పేది. నాకు ఏడుపొచ్చేది. నన్నెవరూ కొనలేదే అని.

అన్న పెద్దవాడై మిల్లులో బదిలీ పనికి చేరాడు. బదిలీ అంటే ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు పని. రోజూ గేటు దగ్గర నిలబడాలి, పిలిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. నాయన స్పిన్నింగులో మేస్త్రీ. అయినా కొడుకును పర్మనెంటు చేయించుకోలేకపోయాడు, అడగడం చేతకాని మనిషి. గేటు బయట నిలబడి నిలబడి అన్న మొహం మాడిపోయింది. అలాంటి రోజుల్లోనే మా ఊరి మైదానంలో సాయంత్రం పూట ఒక కూటం మొదలైంది. ఆ కూటానికి పేరుంది, నేను రాయను. టౌను నుంచి ఒక పెద్దమనిషి బస్సులో వచ్చేవాడు. తెల్లటి బట్టలు, మెత్తటి మాట. కుర్రాళ్ళ చేత కసరత్తు చేయించి, ఆ తర్వాత కూర్చోబెట్టి మాట్లాడేవాడు. గేటు దగ్గర పేరు పెట్టి పిలిచేవాడు కూడా లేని మా అన్నను ఆయన "తంబీ, మీరు" అనేవాడు. అందుకే పడిపోయాడు. ఎవరైనా పడతారు.

అక్కడ చెప్పేవి ఇంటికి వచ్చేవి. మన నేల, మన దేవుడు, మనల్ని తినేస్తున్నవాళ్ళు. ఎవరు తినేస్తున్నారురా అని నాయన అడిగితే, "మీకు తెలియదు నాయనా, మీరు పాతకాలపోళ్ళు" అనేవాడు. వెనక వీధిలో పరుపులు కుట్టే మనిషి మా ఊరిని తినేస్తున్నాడట. ఆయన దూది బెత్తంతో కొడుతూ దగ్గుతుంటే మా వీధి దాకా వినిపించేది. ఊరిని తినేసేవాడు అలాగేనా ఉండేది.

కానీ నాకు తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. కూటంలో కుర్రాళ్ళు అన్నను ఏడిపించేవాళ్ళు. కుడి ముక్కు మీద చిన్న బెజ్జం, ఊరందరికీ తెలిసిన కథ. "తురక పాలు తాగినోడా, నువ్వు ఏ పక్కరా?" అని నవ్వులాటకు అనేవాళ్ళు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అలా అన్నప్పుడల్లా అన్న ఇంకో మెట్టు ఎక్కేవాడు. గోడల మీద రాతలు ముందు తనే రాయాలి, ఊరేగింపులో ముందు తనే నడవాలి, అరుపు ముందు తన గొంతులోంచే రావాలి. వాళ్ళు ఒకసారి అరిచి ఇంటికి పోయి బువ్వ తినేవాళ్ళు. వీడు మాత్రం అరుస్తూనే ఉండాల్సి వచ్చింది.

ఊరు ఒక్క రోజులో మారలేదు. ముందు వినాయకుడు పెరిగాడు. మోకాలంత ఉండేవాడు మనిషంత అయ్యాడు, మరుసటేడు లారీ మీద గానీ పట్టనంత అయ్యాడు. ఎప్పుడూ మిల్లు రోడ్డు మీదుగా పోయే ఊరేగింపు వెనక వీధి గుండా తిరిగింది, సరిగ్గా వాళ్ళ నమాజు వేళకు. టీ కొట్లో ఆ వీధివాళ్ళకు గ్లాసులు వేరుగా పెట్టారు. పరుపుల బేరం పోయింది. వాళ్ళ పక్కనుంచి కూడా ఎవరో కొత్త బోధకుడు వచ్చాడు. తవుడుకు బిడ్డను కొనడం మన దీనుకు, అంటే మతానికి, తప్పు, ఆ తెలుగింటి గడప తొక్కొద్దు, ఆ కుర్రాణ్ణి "సామీ" అని పిలవొద్దు అని తవుడమ్మకు చెప్పి పోయాడట. మా వైపు ఆడవాళ్ళు కులమతాలతో పనిలేకుండా ఏ బిడ్డనైనా సామీ అనే పిలుస్తారు. "నోటికొచ్చేదాన్ని నేనేం చేసేది?" అని ఆమె అమ్మతో అంటుంటే విన్నాను. అదేమిటో, దేవుళ్ళిద్దరి మనుషులకూ పట్టుకోవడానికి ఈ ఒక్క ఆడమనిషే దొరికింది.

అన్న ఆమె ఇంటికి పోవడం మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఆమె మాత్రం దీపావళికి వచ్చి, చొక్కా తాకి ఇచ్చేసి పోయేది. ఆ చొక్కాను అన్న ఆ పండగకు వేసుకునేవాడు కాదు.

ఇంతలో పెళ్ళి కుదిరింది. పిల్లది పోదనూరు, మాలాగే తెలుగువాళ్ళు. ముహూర్తం పెట్టిన సాయంత్రమే అమ్మ అందరి ముందూ చెప్పేసింది.

"వాడు ఇంకా తవుడమ్మ బిడ్డే. ఆయమ్మ వచ్చి ఇస్తే తాన్ నేను అమ్మగా పీట మింద కూర్చునేది. లేకుంటే ఆ పీట నాది కాదు."

అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఆయమ్మ మండపంలో కాలు పెడితే నేను తాళి కట్టను. మా కూటమోళ్ళు అందరూ వస్తారు. నా మొగం యాడ పెట్టుకునేది?"

"ఆయమ్మ కొన్నందుకు తాన్ నీకు మొగం మిగిలింది."

"అదంతా మూఢనమ్మకంమా."

"మట్టి వినాయకుడికి లారీ కట్టినోడివి, నువ్వు నాకు నమ్మకం గురించి చెప్పేది."

అమ్మ నవ్వుతూ అన్న మాట కాదిది. ఆమె కళ్ళలో భయం నాకు కనిపిస్తూనే ఉంది. ఇద్దరిని మట్టిలో పెట్టిన మనిషి. అప్పగింత లేకుండా పెళ్ళి చేస్తే, చావుకు వాడి ఆచూకీ మనమే ఇచ్చినట్టు అని ఆమె గట్టిగా నమ్మింది. వాదించి గెలవగలిగిన భయం కాదది.

నాయన చాలాసేపు కండువా మడత పెడుతూ విప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "పోనీ, విడిచిపెట్టండి ఇద్దురూ. మండపంలో వొద్దు. ముందునాడు పగలు మన ఇంట్లోనే పెట్టుకుందాం. నలుగురు ఆడోళ్ళు ఉంటారు, అయిపోతాది" అన్నాడు. అన్న ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. మా ఇంట్లో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

పెళ్ళి ముందునాడు పొద్దున తవుడమ్మ వచ్చింది. పచ్చ రంగు చీర, తల నిండా ముసుగు. వాళ్ళ వీధిలో ఎవరికీ చెప్పకుండా దొడ్డిదారిన వచ్చిందట. అన్నకని తువ్వాలు తెచ్చింది. అమ్మ చేటలో తవుడు పోసి సిద్ధంగా పెట్టుకుంది, పైన పసుపు చల్లింది. నలుగురు ఆడవాళ్ళం చేరాం. అప్పుడు పందిరికి అరటిచెట్లు కట్టడానికని కూటం కుర్రాళ్ళు వచ్చిపడ్డారు. పిలిచారో, వాసన పట్టారో నాకు తెలియదు. వాళ్ళ వెనక ఆ తెల్లబట్టల పెద్దమనిషి.

ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. పెద్దమనిషి నాయన భుజం మీద చెయ్యి వేసి, పాత ఆచారాలను మేం గౌరవిస్తాం, కాకపోతే పెళ్ళివారిల్లు కదా, ఆ అమ్మ గడప దాటి రావడమెందుకు, వీధిలోంచే కానీయండి అన్నాడు. నాయన తవుడమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే నడింట్లో ఉంది. లేచి, గడప దిగి, వీధిలో ఎండలో నిలబడింది. ఆ క్షణం నాయన మీద నాకు పుట్టిన కోపం ఆయన పోయేదాకా పూర్తిగా పోలేదు, ఒక్క రోజు తప్ప. ఆ రోజు సంగతి తర్వాత చెబుతాను.

అన్న గడపకు ఇవతల నిలబడ్డాడు. చుట్టూ అరటిచెట్లు పట్టుకుని కుర్రాళ్ళు. అమ్మ చేట పట్టుకుని మధ్యలో.

తవుడమ్మ కొంగు పట్టి, నవ్వడానికి ప్రయత్నిస్తూ అడిగింది. "ఎవురి బిడ్డవు సామీ?"

ఒక కుర్రాడు దగ్గాడు, నవ్వాపుకున్నాడో ఏమో.

"చెప్పు సామీ. ఎంతసేపూ పట్టదు."

"నేను ఎప్పుడూ నీ బిడ్డను కాను" అన్నాడు అన్న. అరవంలో అన్నాడు, అందరికీ అర్థమయ్యేలా.

ఆమె కొంగు దులిపేసుకుని భుజం మీద వేసుకుంది. అమ్మతో మాత్రం మెల్లగా మన భాషలో అంది. "నాది కానిదాన్ని నీకెట్ల ఇచ్చేదిమా? తవుడు పెట్టుకో." తువ్వాలు మాత్రం గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.

అమ్మ చేటతో అలాగే నిలబడి ఉంది. "ఆయమ్మ బిడ్డ కాదంట. నాకు ఇంకా ఇయ్యలేదు. అట్లయితే వీడు ఎవురి బిడ్డ?" అని నాయనను అడిగింది. పెద్దమనిషి అందుకుని "భారతమాత బిడ్డ" అన్నాడు. కుర్రాళ్ళు అరిచారు. అమ్మ ఆయన వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. ఒళ్ళో పెట్టుకున్న బిడ్డను ఎవరో చేతుల్లోంచి లాక్కుంటే ఎలా చూస్తారో అలా చూసింది.

పెళ్ళికి అమ్మ రాలేదు. పీట మీద మా పెద్దమ్మ కూర్చుంది. ఒంట్లో బాగాలేదని చెప్పారు, అందరూ నమ్మినట్టు నటించారు. ఆడపడుచుగా నేను పోక తప్పలేదు. హారతులు పట్టాను, నవ్వాను, ఫోటోలో నిలబడ్డాను. సాయంత్రం పట్టుచీరతోనే ఇంటికి వస్తే అమ్మ ఇంట్లో లేదు. వెనక వీధికి పోయి చూస్తే ఇద్దరు తల్లులూ తవుడమ్మ ఇంటి లోపల కూర్చుని, చెరొక పళ్ళెంలో బియ్యంలో రాళ్ళేరుతున్నారు. పిల్ల ఎట్లుంది అని కూడా అడగలేదు. నేనే చెప్పాను, బాగుందని.

ఆ ఏడు వినాయకుడి ఊరేగింపులో వెనక వీధి మీద రాళ్ళు పడ్డాయి. పరుపుల కొట్టు కాలిపోయింది. దూది కదా, మంట ఎంతసేపు నిలుస్తుంది, మేం నీళ్ళు తెచ్చేలోపు బూడిద. ఎవరు ముట్టించారో చూడలేదని ఊరంతా ఒకే మాట చెప్పింది. ముందు నడిచాను కాబట్టి వెనక ఏం జరిగిందో తెలియదన్నాడు అన్న. కావచ్చు. నేను అడగలేదు, అడిగి ఏం చెప్పించుకోవాలి. తర్వాత ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది. తవుడమ్మ భర్త దగ్గుతోనే పోయాడు. ఆమె తిరుప్పూరులో కూతురి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆ పిల్ల బనియను కంపెనీలో కుట్టుపనిలో ఉంది. పోయేముందు మా ఇంటికి రాలేదు, అమ్మే బస్సుస్టాండుకు పోయి ఎక్కించి వచ్చింది. అప్పుడప్పుడూ అమ్మ తిరుప్పూరు పోయి వచ్చేది. అన్నతో మాట్లాడేది కానీ, కొడుకుతో మాట్లాడినట్టు కాదు. ఇంటికి వచ్చిన మనిషిని మర్యాద చేసినట్టు, "కూర్చోండి, కాఫీ తాగుతారా" అనేది. మీరు అనేది. కన్నకొడుకును.

ఇంతకూ అన్నకేమీ కాలేదు. కూటంలో పెద్దవాడయ్యాడు, ఇద్దరు పిల్లలను కన్నాడు, పంచాయతీలో గెలిచాడు. చావు ఆయన గుమ్మం తొక్కలేదు. మా ఊరి మిల్లు మాత్రం మూతపడింది. గేటుకు పెద్ద తాళం. సంగు మోగని మొదటి పొద్దున ఊళ్ళో ఎవరికీ ఎప్పుడు లేవాలో తెలియలేదు. మన పనులను తినేసినవాళ్ళు ఎవరో చెప్పమని ఆ తెల్లబట్టల మనిషిని అప్పుడెవరూ అడగలేదు. అప్పటికి వెనక వీధిలో ఒక్క ఇల్లూ లేదు మరి.

అమ్మకు కడుపులో గడ్డ వచ్చింది. పెద్దాసుపత్రిలో చూపించారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచంలో పడ్డాక ఒక రోజు నన్నూ నాయననూ పిలిచి చెప్పింది. "అప్పగించుకోని బిడ్డ చేత కొళ్ళి పెట్టించుకోను. వాడు పొయ్యి ఆయమ్మతో ఒక తూరి చెప్పించుకుని రానీ. అప్పుడు పెట్టనీ." కొళ్ళి అంటే తలకొరివి. ఆ మాట ఇల్లు దాటింది, ఊరంతా పాకింది. ధర్మం ధర్మం అని ముప్పై ఏళ్ళు అరిచినవాణ్ణి తల్లే చితి దగ్గరికి రావద్దంటోంది. అన్న వచ్చి అమ్మకు మతి తప్పిందన్నాడు. తప్పలేదని అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆ సాయంత్రం పశువుల కొట్టం వెనక నిలబడి ఏడవడం చూశాను. నన్ను చూసి మొహం తుడుచుకున్నాడు.

"ఒక మాట అమ్మిణీ. అనేస్తే అయిపోతాదని నాకు తెలియదా? అనినాక నేనెవుర్ని? ఇన్నేండ్లు వాళ్ళతో నేను చెప్పినదంతా ఏమవుతాది?"

"వాళ్ళకు చెప్పొద్దు అన్నా. బస్సెక్కి పొయ్యి చెప్పేసి రా."

"వాళ్ళు లేని ఊరు ఎక్కడుంది?" అన్నాడు.

అయినా రెండు రోజుల తర్వాత బస్సెక్కాడు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, ఇల్లు తాళం వేసి ఉంది, ఆయమ్మ లేదన్నాడు. అమ్మ ఆ మాట విని గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

అమ్మ పోయిన రోజు పొద్దున్నే తిరుప్పూరుకు కబురు పంపించాను. ఎండ ఎక్కేసరికి తవుడమ్మ దిగింది. నడుం వంగిపోయింది, కూతురు చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. షామియానా కింద కూటం వాళ్ళంతా ఉన్నారు. ఎవరూ అడ్డం చెప్పలేదు. శవం ముందు ఏం చెబుతారు. ఆమె అమ్మ తల దగ్గర కూర్చుని నుదురు నిమిరింది. నేను చెవిలో అడిగాను, ఆ రోజు ఇల్లు తాళం వేసి ఎక్కడికి పోయారని. ఆమె అర్థం కానట్టు చూసింది. "మేం యాడికీ పోలేదే. నేను గుమ్మంలోనే కూర్చుని ఉంటాను." పక్కనే ఉన్న కూతురు తల దించుకుంది. అన్న వీధి చివర బడ్డీకొట్టు దగ్గర కొంతసేపు నిలబడి, అటునుంచి అటే వెళ్ళిపోయాడని తర్వాత ఆ కూతురే చెప్పింది.

శవాన్ని లేపే వేళ అయింది. నిప్పుకుండ సిద్ధం చేశారు. అయ్యవారు కొడుకును పిలిచారు. అప్పుడు నాయన లేచాడు. నన్ను చూసి, "అమ్మిణీ, తవుడు తీసుకురా" అన్నాడు. ఆ రోజే నేను చెప్పిన ఆ ఒక్క రోజు. కొట్టంలో దొరికిన చేటలో తవుడు తెచ్చి నాయన చేతికిచ్చాను. నాయన తవుడమ్మ కొంగులో పోశాడు.

"అడుగమ్మా" అన్నాడు.

తవుడమ్మ అన్న ముందుకు వచ్చి నిలబడింది. ఆయన్ని తలెత్తి చూడాలన్నా ఆమెకు కష్టంగా ఉంది. "ఎవురి బిడ్డవు సామీ?"

అన్న తడి పంచెతో నిలబడి ఉన్నాడు. పెదాలు కదిలాయి. చూపు మాత్రం ఆమె మీద లేదు, ఆమె తల మీదుగా షామియానా కిందికి పోయింది. తెల్లబట్టల మనిషి ఇప్పుడు ముసలివాడు, కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది.

"ఎవురి బిడ్డవు?" అని ఆమె రెండోసారి అడిగింది.

అన్న వంగి నిప్పుకుండ కోసం చెయ్యి చాపాడు.

నాయన ఆ కుండను తన వైపు లాక్కున్నాడు. "నువ్వు కాదు సామీ. నేను పెడతాను" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి, కుండ పట్టుకుని ముందు నడిచాడు. అన్న వెనక, నలుగురిలో ఒకడిగా, ఖాళీ చేతులతో నడిచాడు.

ఆడవాళ్ళం వీధి చివరనే ఆగిపోయాం. స్నానాలయ్యాక తవుడమ్మను బస్సు దాకా నేనే తీసుకుపోయాను. కొంగులో తవుడు ఇంకా మూట కట్టే ఉంది. మూడోసారి ఎందుకు అడగలేదని అడిగాను. నిజానికి నాకు ఆమె మీద కూడా కోపంగా ఉంది, గట్టిగా అడిగితే చెప్పేవాడేమోనని.

"మూడో తూరీ అడిగి, వాడు నోరు తెరవకుంటే, తెంపు అయిపోతాదిమా. అప్పుడు వాడు నాకూ కాడు, మీ అమ్మకూ కాడు. లోకంలో ఎవురికీ కానోడు అయిపోతాడు. అందుకని ఆపేసినాను. తవుడు నా దగ్గరే ఉండనీ. వాడు నా బిడ్డగానే ఉండిపోనీ."

బస్సెక్కించి ఇంటికి వచ్చాను. అన్న శ్మశానం నుంచి వచ్చి బయట అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె ఏమైనా అన్నదా అని అడిగాడు. ఏమీ అనలేదన్నాను.

తవుడమ్మ కూడా పోయి చాలా ఏళ్ళయింది. అన్నకు డెబ్బై దాటాయి. నన్ను చూసినప్పుడల్లా ఏదో ఒక మాట మధ్యలో అదే అడుగుతాడు, ఆ రోజు ఆయమ్మ పోతూ నీతో ఏమన్నదని. నేను ఇంకా చెప్పలేదు. నా కోపం ఇంకా తగ్గలేదు.